స్వల్ప వ్యయముతో గడియారముల సేకరణ

మనుజుల అభిరుచులు పలువిధములు. కొందరు తపాలాబిళ్ళలను, కొందరు పాతనాణెములను, మరికొందరు అగ్గిపెట్టెలపై బొమ్మలను సేకరించుచుందురు. చేతిగడియారములను సేకరించువారును కలరు. అయితే ఆ మాట చెవినబడినంతనే మనకు తోచునది ధనికుల వినోదము. లక్షలు వెచ్చించి స్విట్జర్లాండు దేశపు గడియారములను కొని, మఖమలు పెట్టెలలో దాచుకొను శ్రీమంతులు కన్నులకు గట్టుదురు. ప్రత్తియు మిరపయు పండించు ఈ మైదానమున, ఒక పంట చేతికివచ్చినచో రెండు పంటల అప్పు తీర్చుకొను కుటుంబములలోని పిల్లలకు ఆ వినోదముతో పనియేమి యని మీరడుగవచ్చును. పని కలదనియే నా యభిప్రాయము. ఈ సేకరణకు ముఖ్యముగా కావలసినది ధనము కాదు. ఓపిక, వివేకము, ఇంటి పెద్దలయెడ ఆదరము. ఈ మూడును లేని ధనికుడు కొనువాడే గాని సేకరించువాడు కాజాలడు. ఈ మూడును గల సామాన్యుడు ఒక్క గడియారముతోనైనను ఆ పని ఆరంభింపవచ్చును.

ఈ మాట నేను పుస్తకములు చదివి చెప్పుటలేదు. మా నాయనగారు పర్చూరు ప్రాంతమున నాలుగెకరముల నల్లరేగడి సేద్యము చేసెడివారు. 1970ల దశకమున వరలక్ష్మి ప్రత్తి వేసి మంచి రాబడి చూచిన రైతులలో ఆయన యొకరు. 1976లో ప్రత్తి యమ్మిన డబ్బుతో చీరాలకు పోయి, ఒక హెచ్.ఎం.టి. జనతా గడియారమును కొనిరి. అంతకుముందు తనకొరకని ఆయన కొనుక్కొన్న వస్తువు లేదని మా అమ్మ చెప్పెడిది. ప్రతిదినము తెల్లవారుజామున పశువులకు మేత వేసి, చేతులు కడుగుకొని, పంచెచెంగుతో తుడుచుకొని, ఆ గడియారమునకు కీ ఇచ్చుట ఆయనకు నిత్యకృత్యము. పొలమునకు పోవునపుడు దానిని ధరింపక గూటిలో భద్రపరచెడివారు. పెండ్లికో, బ్యాంకునకో, గుంటూరు యార్డునకో పోవునపుడే అది ఆయన చేతికెక్కెడిది. 1988 మార్చిలో నేను పదవ తరగతి పరీక్షలకు పోవునపుడు దానిని నా చేతికి కట్టిరి. బెల్టు నాకు పెద్దదైనందున మేకుతో మరియొక రంధ్రము పొడిచి, "ప్రశ్న ప్రశ్నకు ముల్లు చూచుకొనుము, నాయనా. చివరి ప్రశ్న వదలి రాకుము" అని చెప్పిరి.

అది మా ప్రాంతమున ప్రత్తికి తెల్లదోమ పట్టిన సంవత్సరము. 1987-88 పంటకాలమున ఆ పురుగు గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిపైరును నాశనము చేసినది. పురుగుమందుల అప్పులు తీర్చలేక ప్రాణములు తీసికొన్న రైతుల వార్తలు అప్పటి పత్రికలలో వచ్చినవి. మా నాయనగారు నిలద్రొక్కుకొనిరి గాని, గడియారమును నిలుపుకొనలేకపోయిరి. నా పరీక్షలు ముగిసిన వారమునకే అది అమ్ముడుపోయినది. ఎంతకు అమ్మిరో ఆయన చెప్పలేదు, నేనును అడుగలేదు. తరువాత ఇరువది యేండ్లు ఆయన జీవించిరి. నేను ఉద్యోగమున చేరి క్రొత్త గడియారము తెచ్చియిచ్చితిని. దానిని ధరించిరి. కాని తెల్లవారుజామున లేచి చేతులు తుడుచుకొనుట ఆయన మానలేదు. క్రొత్తది బ్యాటరీతో నడచునది. దానికి కీ ఇయ్యనక్కరలేదు.

2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు ఆమోదించెనను వార్తను పత్రికలో చదివితిని. ఆ దినముననే మా నాయనగారి గడియారమును వెదకవలెనని బుద్ధిపుట్టినది. నూతిగట్టుపై పడి దాని అంచున చిన్న నొక్కు ఏర్పడినది; అదియే నాకు గుర్తు. చీరాల, చిలకలూరిపేట, నరసరావుపేట, గుంటూరు పట్టణములలో ఎక్కడ పాతగడియారములు బాగుచేయు బల్ల కనబడినను ఆగి చూచితిని. నేటికిని అది దొరకలేదు. కాని ఆ వెదకులాటలో ఆరు గడియారములు నా యింట చేరినవి. వానిలో మూడు బంధువులయిండ్లలో పెట్టెల అడుగునబడి యున్నవి. వానికి వెల లేదు. తక్కిన మూటికి వెలయు, ఆరింటికి బాగుచేయించిన కూలియు కలిపి నేను వెచ్చించినది 8,000 రూపాయలకు లోబడియే యున్నది. అది మా పిల్లవాని సెల్‌ఫోను వెలలో సగమైనను కాదు.

ఇక ఏ గడియారములను సేకరింపవలెనను ప్రశ్న వచ్చును. మన దేశమున, మన ఊళ్ళలో, మన పెద్దల చేతులపై నడచినవానినే అని నా జవాబు. గడియారమను మాటయే మన గడియనుండి పుట్టినది. దినమునకు 60 గడియలు. గడియకు 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచి, అది నిండి మునుగుటనుబట్టి మన పూర్వులు గడియను లెక్కించెడివారు. బ్రిటిషువారి కాలమున వెస్ట్ ఎండ్, ఫావ్రే-ల్యూబా మొదలగు స్విస్ గడియారములు బొంబాయి వంటి నగరముల దుకాణములద్వారా దేశమున వ్యాపించినవి. అవి సామాన్యునికి అందునవి కావు. 1953లో బెంగుళూరున స్థాపింపబడిన హిందూస్థాన్ మెషిన్ టూల్స్ అను ప్రభుత్వ సంస్థ, జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో చేతిగడియారముల నిర్మాణమునకు పూనుకొన్నది. తొలి గడియారములను అప్పటి ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూగారు విడుదల చేసిరి. అటుపిమ్మట జనతా, పైలట్, జవాన్, సోనా, కోహినూర్, కాంచన్ అను పేర్లతో అవి పల్లెపల్లెకు చేరినవి. సైకిలు, రేడియోలతోపాటు చేతిగడియారము అల్లునికి ఇయ్యవలసిన కానుకలలో ఒకటైనది. ఒకప్పుడు కాంచన్ గడియారమునకై పెండ్లివారు దుకాణముల చుట్టు తిరిగెడివారు.

మన రాష్ట్రమువారు మరచిపోరాని మరియొక పేరు ఆల్విన్. 1942లో హైదరాబాదున స్థాపింపబడిన ఆ సంస్థ శీతలయంత్రములకును, బస్సుల నిర్మాణమునకును ప్రసిద్ధి గాంచి, 1980ల దశకమున జపానువారి సీకో కంపెనీ సాంకేతిక సహకారముతో చేతిగడియారములను తయారుచేసినది. తెలుగు కార్మికుల చేతులలో రూపొందిన ఆ గడియారములు 1990ల దశకమున నిలిచిపోయినవి. నేడు ఆల్విన్ అనగా చిన్నవారికి తెలియదు. కావున పాతదుకాణములలో అవి చవుకగా లభించును. 1984లో స్థాపితమై హోసూరున కర్మాగారము నెలకొల్పిన టైటాన్ సంస్థయొక్క తొలినాటి గడియారములును ఇప్పుడు పెట్టెల అడుగుననే కలవు. ఈ మూడు పేర్లకు సంబంధించిన గడియారములొక్కొక్కటి యున్నచో, స్వతంత్ర భారతదేశపు గడియార పరిశ్రమ చరిత్ర మీ యరచేతిలో నున్నట్లే.

కొనుటకు ముందు గడియారము నడచు విధమును తెలిసికొనుడు. కీ ఇచ్చు గడియారములో చుట్టబడిన స్ప్రింగు విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ చక్రములు ఒక్కసారిగా పరుగెత్తకుండ బాలెన్సుచక్రము అటునిటు ఊగుచు, ఊపు ఊపునకు ఒక్కొక్క పన్నును మాత్రమే వదలును. మనకు వినబడు టిక్కుటిక్కు శబ్దము అదియే. జనతా గడియారమున ఈ చప్పుడు సెకండునకు 5 పర్యాయములు, గంటకు 18,000 పర్యాయములు, దినమునకు 4,32,000 పర్యాయములు కలుగును. ఇరుసులు అరుగకుండ వాని కొనలు 17 కృత్రిమపు కెంపురాళ్ళలో తిరుగును. డయలుపై 17 జూయల్సు అని వ్రాసియుండుటకు కారణమిదియే గాని, అవి విక్రయింపదగిన రత్నములు కావు. బ్యాటరీ గడియారములో స్ప్రింగునకు మారుగా క్వార్ట్జు స్ఫటికము సెకండునకు 32,768 పర్యాయములు కంపించి కాలమును కొలుచును. అట్టి చేతిగడియారమును మొట్టమొదట 1969 డిశంబరు 25న సీకో కంపెనీవారు టోకియోలో విక్రయమునకు పెట్టిరి. క్వార్ట్జు గడియారము నెలకు కొద్ది సెకండ్లు మాత్రమే తప్పును. కీ ఇచ్చు పాతగడియారము దినమునకు అరనిమిషము తప్పినను దానిని దోషముగా ఎన్నరాదు.

ఇక కొనుటలో పాటింపవలసిన నియమములు నాలుగు. మొదటిది: అప్పుచేసి కొనవలదు, వాయిదాలపై కొనవలదు. గడియారమునకై అప్పుచేయుట కాలమును తాకట్టుపెట్టుటయే. రెండవది: కొనకముందు ఇల్లు వెదకుడు. తాతగారి పెట్టె, మేనమామగారి బీరువా, అమ్మమ్మగారి డబ్బా మొదట చూడుడు. కాని పెద్దలననుమతి కోరక ముట్టవలదు. మూడవది: వెల యెంతయో బాగుచేయు కూలి యంత యుండునని ముందుగనే లెక్కించుకొనుడు. నేను మొదటి జనతాకు 700 రూపాయలిచ్చి, శుభ్రపరచుటకు 400 రూపాయలిచ్చితిని. 700 రూపాయలే యున్నవాడు 700 రూపాయల గడియారమును కొనరాదు. నాలుగవది: ధరింపనిదానిని కొనవలదు. పెట్టెలోనుండి పెట్టెలోనికి మారిన గడియారమునకు మీవలన మేలేమి?

మోసములను గూర్చియు చెప్పవలసియున్నది. హెచ్.ఎం.టి. పేరునకు గిరాకి పెరిగినప్పటినుండి పాతయంత్రములకు క్రొత్త డయలు వేసి, ఎన్నడును కర్మాగారమున తయారుకాని రంగులతో విక్రయించువారు బయలుదేరిరి. ముప్పది నలుబదియేండ్ల గడియారము డయలు పెండ్లిపందిరివలె మెరయుచున్నచో అనుమానింపుడు. భూతద్దముతో చూచిన అక్షరముల అంచులు చెదరియుండుట, గంటల గీతలు సమముగా లేకుండుట, పేరొకటియు లోపలి యంత్రము మరొకటియు అగుట మోసమునకు గుర్తులు. కావున చిత్రపటమును మాత్రమే చూచి కొనవలదు. చేతపట్టి, కీ ఇచ్చి, ముల్లు వెంటనే కదలునో లేదో చూడుడు. చెవికానించి చప్పుడు వినుడు. వెనుకమూత తీయించి లోపల త్రుప్పు కలదేమో చూడుడు. వీలైనచో ఒక దినము గడువు కోరి నడక పరీక్షింపుడు. చీకటిలో వెలుగు ముండ్లుగల మిక్కిలి పాతగడియారములపట్ల మరియొక జాగ్రత్త అవసరము. 1960ల దశకమునకు పూర్వపు కొన్నింటిలో ఆ పూతయందు రేడియమను పదార్థము కలదు. అది ఆరోగ్యమునకు హాని చేయునది గనుక అట్టివానిని పిల్లలు విప్పరాదు, ఆ పూతను గీకరాదు.

కొన్నపిమ్మట పోషణ ముఖ్యము. కీ ఇచ్చు గడియారమునకు దినమునకొకమారు, ఒకే వేళకు, చేతినుండి తీసి కీ ఇయ్యవలెను. త్రిప్పుమర బిగిసినట్లు తోచగానే ఆపవలెను. మన ప్రాంతపు దుమ్ము, ప్రత్తినూగు, మిరపకల్లములోని ఘాటుధూళి సన్నని సందులలో దూరి నూనెను పాడుచేయును. కావున మిరపకాయలు ఏరునపుడు, టిక్కీలు తొక్కునపుడు, మందు చల్లునపుడు గడియారమును ధరింపరాదు. మా నాయనగారు గూటిలో పెట్టుట ఊరకయే కాదు. నాలుగైదేండ్లకొకమారు యంత్రమును విప్పించి, కడిగించి, క్రొత్తనూనె వేయింపవలెను. అయస్కాంతముగల స్పీకరు పెట్టెలమీద ఉంచరాదు. ఉంచినచో నడక చెడును. బ్యాటరీ గడియారమును వాడక దాచునపుడు బ్యాటరీ తీయించి దాచుడు. లేనిచో అది కారి యంత్రమును తినివేయును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక నోటుపుస్తకము. ఒక్కొక్క గడియారమునకు ఒక్కొక్క పుట కేటాయించి, దానిని ఎవరు, ఏ సంవత్సరమున, ఏ డబ్బుతో, ఏ సందర్భమున కొనిరో వ్రాయుడు. నా నోటుపుస్తకమునుండి ఒకటి చెప్పెదను. మా మేనమామగారి కాంచన్ ఆయన పెండ్లినాడు అత్తవారు పెట్టినది. దానికై మామగారు ఒక పాడిగేదెను అమ్మిరట. ఈ సంగతి మా అత్తగారు చెప్పువరకు ఆయన పిల్లలకు తెలియదు. తెలిసినదినమునుండి ఆ గడియారమును వారెవ్వరును తేలికగా చూడలేదు. నాకు ఇచ్చినదానిని తిరిగి అడిగి తీసికొనిరి. నేను సంతోషముతో ఇచ్చివేసితిని. కావున నా సేకరణలో ఇప్పుడు మిగిలినవి అయిదే. అయినను ఆ పుటను చింపలేదు. సేకరణ యొక్క పరమార్థము పోగుచేయుట కాదనియు, వస్తువును దాని కథతో కలుపుటయనియు నేను ఆనాడు గ్రహించితిని.

సెల్‌ఫోనులో కాలము కనబడుచుండగా గడియారమెందుకని కొందరు విద్యార్థులు నన్నడిగిరి. పరీక్షాశాలలోనికి సెల్‌ఫోను రాదను సులభమైన జవాబు కలదు; కాని దానితో నేను తృప్తిపడను. ఫోనులో కాలము చూడబోయినవాడు మరి పది సంగతులు చూచి, కాలము చూచుట మరచును. గడియారము ఒక్క సంగతియే చెప్పి ఊరకుండును. ఇక తలిదండ్రులలో కొందరు ఇది దుబారాయని శంకింతురు. వారి శంక న్యాయమైనదే. పేరుకై, పోటీకై, తోటివారికి చూపుటకై కొను ప్రతివస్తువును దుబారాయే. గడియారములు పెట్టుబడి యనియు, వెల పెరుగుననియు చెప్పువారి మాటలను కూడ నమ్మవలదు. ఇంటనున్న ఆగిన గడియారమును బాగుచేయించుట మాత్రము దుబారా కాదు. నెలకు ఏబది రూపాయలు దాచిన విద్యార్థికి ఏడాది తిరుగునప్పటికి ఆ కూలి సమకూడును.

ఆలసించుటకు వీలులేని కారణమొకటి కలదు. గుంటూరులో నా గడియారములను బాగుచేయు సాయిబుగారు డెబ్బదియేండ్లవారు. కంటికి భూతద్దము తగిలించుకొని, వెండ్రుకవంటి స్ప్రింగును పట్టకారుతో ఎత్తి కూర్చుట ఆయన తండ్రివద్ద నేర్చిన విద్య. బాగుచేసిన ప్రతి గడియారపు మూత లోపల సూదితో తన గుర్తును, తేదీని గీయును. ఒకమారు ఒక మూత లోపల తన తండ్రిగారి గుర్తును చూపి, "మాస్టారూ, నా పిల్లలు ఈ పని నేర్వలేదు. వారిని తప్పుపట్టను; ఇందులో కూడు లేదు. నా తరువాత ఈ పట్టకార్లు ఎవరికి పనికివచ్చునో తెలియదు" అనెను. ఆ బల్లలు ఒక్కొక్కటిగా లేచిపోవుచున్నవి. అవి పూర్తిగా లేచిపోయిననాడు మన పెట్టెలలోని గడియారములు లోహపుముక్కలే. ఇప్పటికే ఎన్నియో ఇండ్లలో అవి ప్లాస్టిక్కు బక్కెట్లకు మారుగా పాతసామానుల బండిమీదికి పోవుచున్నవి.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీకు నేను కోరునది ఇంతియే. ఇంట ఆగిపోయిన గడియారము ఉన్నదేమో పెద్దలనడుగుడు. ఉన్నచో దాని కథను వారి నోట విని వ్రాసికొనుడు. పిమ్మట దగ్గరి పట్టణమున బాగుచేయు బల్లకు తీసికొనిపోవుడు. అది నడచిననాడు మొదట మీ చేతికి కట్టుకొనక, దానిని కొన్నవారు జీవించియున్నచో వారి చేతికి కట్టుడు. నాకు ఆ భాగ్యము కలుగలేదు, మీకు కలుగవచ్చును. వచ్చు సంవత్సరపు సంచికకు మీ నోటుపుస్తకమునుండి ఒక్కొక్క పుట వ్రాసి పంపినయెడల, అవి చదువు మొదటివాడను నేనే యగుదును. అంచున నూతిగట్టు నొక్కుగల జనతా గడియారము మీలో ఎవరియింటనైన కనబడినచో నాకు తెలుపుడు. తిరిగి యిమ్మని అడుగను. ఒక్కమారు కీ ఇచ్చి చూచెదను.